యాడ్-ఆన్ కనిపించకపోతే ముందు తేల్చుకోవాల్సింది: ఫైలు సమస్యా, లైసెన్స్ సమస్యా?

మీరు చెప్పింది ముందు ఒకసారి కూడదీసుకుంటాను. కొత్త కంప్యూటర్ తీసుకున్నారు. అందులో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020, 2024 రెండూ మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచే దించుకున్నారు, పక్కన ఎక్స్-ప్లేన్ 12 అనే ఇంకో ఫ్లైట్ సిమ్యులేటర్ కూడా ఉంది. సిమ్ (సిమ్యులేటర్) లోపలే ఉండే షాపు, అంటే మార్కెట్‌ప్లేస్‌లో కొన్న విమానం 2024లో కనిపించడం లేదు. బయటి షాపులో కొన్న విమానాశ్రయం ఇన్‌స్టాల్ అయిందనే చెబుతోంది గానీ, తీరా అక్కడ దిగితే సిమ్‌తో పాటు వచ్చిన మామూలు విమానాశ్రయమే ఉంటోంది. డెవలపర్ దగ్గర నేరుగా కొన్న ఇంకో విమానం యాక్టివేషన్ లిమిట్ అయిపోయిందంటోంది. మిత్రుడు చెప్పిన ఫోల్డర్ కోసం వెతికితే ఆ దారే లేదు. అన్నీ తీసేసి మళ్ళీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు.

వద్దు. దయచేసి ఇప్పుడు ఏదీ తీసేయకండి. ముఖ్యంగా యాక్టివేషన్ లిమిట్ అంటున్న ఆ విమానాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ మళ్ళీ యాక్టివేట్ చేయడానికి ప్రయత్నించకండి, ఎందుకో కింద చెబుతాను.

యాడ్-ఆన్ (సిమ్‌కి విడిగా కలుపుకునే విమానం, విమానాశ్రయం లాంటిది) పనిచేయాలంటే రెండు జరగాలి. దాని ఫైళ్ళు సిమ్ వెతికే చోట ఉండాలి. దాన్ని వాడుకునే హక్కు మీకుందని ఎవరో ఒకరు ధ్రువీకరించాలి. ఫైళ్ళు వెళ్ళే చోటు అన్ని బయటి షాపులకూ దాదాపు ఒకటే. హక్కును ధ్రువీకరించే వాళ్ళు మాత్రం షాపు షాపుకీ మారిపోతారు. చాలామంది ఈ రెండిటినీ ఒకటే అనుకుని, లైసెన్స్ గొడవకు ఫైళ్ళు మారుస్తూ, ఫైళ్ళ గొడవకు షాపు వాళ్ళకు మెయిళ్ళు పెడుతూ రోజులు పోగొట్టుకుంటారు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. విమానం జాబితాలో అసలు కనిపించకపోతే, విమానాశ్రయం మారకపోతే అది చాలావరకు ఫైళ్ళ సమస్య. విమానం కనిపించి, లోపలికి వెళ్ళాక స్క్రీన్లు నల్లగా ఉన్నా, కీ అడిగినా, ఏదైనా లైసెన్స్ సందేశం వచ్చినా అది హక్కు సమస్య. దీనికి పెద్ద మినహాయింపు మార్కెట్‌ప్లేస్. అక్కడ హక్కు లేకపోతే వస్తువే కనిపించదు. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

మార్కెట్‌ప్లేస్‌లో కొన్నదానికి కీ ఉండదు, ఇన్‌స్టాలర్ ఉండదు. మీ ఎక్స్‌బాక్స్ ప్రొఫైలే మీ రసీదు. మైక్రోసాఫ్ట్ స్టోర్ వెర్షన్‌లో తరచూ జరిగేది ఏమిటంటే, కొత్త కంప్యూటర్‌లో విండోస్‌కి ఒక ఖాతా, స్టోర్ యాప్‌కి ఒక ఖాతా, ఎక్స్‌బాక్స్ యాప్‌కి ఇంకో ఖాతా పడతాయి. ఇంట్లో ఇంకొకరి మెయిల్‌తో కంప్యూటర్ మొదలుపెట్టి ఉంటే ఇది దాదాపు ఖాయం. సిమ్ మామూలుగానే తెరుచుకుంటుంది, ఎగరవచ్చు కూడా, కానీ మీరు కొన్నవి ఉండవు. అందుకే ముందు స్టోర్ యాప్‌లో పైన కుడివైపు ఉండే బొమ్మ నొక్కి ఏ మెయిల్ ఉందో చూడండి. తర్వాత ఎక్స్‌బాక్స్ యాప్‌లో చూడండి. సిమ్‌లో కనిపించే గేమర్‌ట్యాగ్ (మీ ఎక్స్‌బాక్స్ పేరు) పాత కంప్యూటర్‌లో వాడిందేనా చూడండి. మూడు చోట్లా ఒకే ఖాతా ఉండాలి. తేడా ఉంటే రెండు యాప్‌ల నుంచీ సైన్ అవుట్ అయ్యి, సరైన మెయిల్‌తో లోపలికొచ్చి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి అప్పుడు సిమ్ తెరవండి.

ఖాతాలు సరిగ్గానే ఉంటే తర్వాత చూడాల్సింది లైబ్రరీ. 2020 సిమ్‌లో కొన్న వస్తువు తనంతట తాను డౌన్‌లోడ్ కాదు. కంటెంట్ మేనేజర్‌లోకి వెళ్ళి, కొని ఉండి ఇంకా ఇన్‌స్టాల్ కానివాటిని వడగట్టి, డౌన్‌లోడ్ నొక్కాలి. 2024లో పద్ధతి వేరు. నవంబర్ 2024లో వచ్చిన ఆ సిమ్ చాలా కంటెంట్‌ను హార్డ్ డిస్క్‌లో పెట్టకుండా, అవసరమైనప్పుడు ఇంటర్నెట్ ద్వారా తెచ్చుకుంటుంది. అందుకని మార్కెట్‌ప్లేస్ విమానం కోసం ఫోల్డర్లలో వెతికితే దొరకలేదని కంగారుపడకండి. సిమ్ లోపల మై లైబ్రరీలో ఉందా లేదా అన్నదే లెక్క. 2020లో కొన్నవాటిలో 2024కు సరిపోయేవి అక్కడికి వస్తాయి. అయితే ప్రతి వస్తువూ సరిపోదు. డెవలపర్ 2024 వెర్షన్‌ను వేరే ఉత్పత్తిగా పెట్టి ఉంటే మీ పాత కొనుగోలు 2020కే పరిమితం. మీ విమానం పేజీలో ఏ సిమ్‌కి అని రాసి ఉందో చదివితే ఇది తేలిపోతుంది.

స్టీమ్ అనే ఇంకో ఆన్‌లైన్ గేముల షాపులో సిమ్ కొన్నవాళ్ళకు కూడా ఇక్కడే ఒక మాట. స్టీమ్ ఖాతాతో గేమ్ తెరుచుకున్నా లోపల ఎక్స్‌బాక్స్ లాగిన్ తప్పనిసరి. అంటే రెండు ఖాతాలు కలిసి పనిచేస్తాయి. ఒకే స్టీమ్ ఖాతా ఉండి, లోపల వేరే ఎక్స్‌బాక్స్ ప్రొఫైల్‌తో లాగిన్ అయినా పైన చెప్పిన కథే జరుగుతుంది. ఇంకొకటి, స్టీమ్‌లో కొన్న సిమ్ లైసెన్స్ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో చెల్లదు, అక్కడిది ఇక్కడ చెల్లదు. ఎక్కువ విమానాలతో వచ్చే ప్రీమియం డీలక్స్ ఎడిషన్ స్టీమ్‌లో తీసుకుని స్టోర్ వెర్షన్‌లో ఆ విమానాల కోసం వెతికేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటారు.

ఇప్పుడు మీ విమానాశ్రయం. ఇది ఫైళ్ళ సమస్యే అని నా నమ్మకం, దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వచ్చే ప్రశ్నల్లో సగం ఇక్కడివే.

బయటి షాపుల్లో కొన్నది ఏదైనా చివరికి చేరాల్సింది కమ్యూనిటీ ఫోల్డర్‌కే. ఆర్బిఎక్స్ సెంట్రల్, ఏరోసాఫ్ట్ వన్, ఐనీబిల్డ్స్ వారి ఐనీమేనేజర్, కాంట్రైల్, సిమ్‌మార్కెట్ యాప్, ఫ్లైబైవైర్ ఇన్‌స్టాలర్, ఇలా ఎన్ని యాప్‌లున్నా అవి చేసే అసలు పని ఫైళ్ళు తెచ్చి ఆ ఫోల్డర్‌లో పెట్టడం. ఫ్లైట్‌సిమ్ డాట్ టు అనే సైటు నుంచి జిప్ దించుకుంటే ఆ పని మనం చేతితో చేస్తాం, అంతే తేడా. చిక్కేమిటంటే కమ్యూనిటీ ఫోల్డర్ అందరికీ ఒకే చోట ఉండదు. స్టీమ్ వెర్షన్‌లో అది యాప్‌డేటా కింద రోమింగ్‌లో, సిమ్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో, ప్యాకేజెస్ లోపల ఉంటుంది. మీ మిత్రుడు చెప్పిన దారి అదే, అందుకే మీకు దొరకలేదు. స్టోర్ వెర్షన్‌లో యాప్‌డేటా కింద లోకల్‌లో, ప్యాకేజెస్ లోపల, మైక్రోసాఫ్ట్ పేరుతో మొదలయ్యే పొడవాటి ఫోల్డర్ ఒకటుంటుంది. 2020కి అందులో ఫ్లైట్‌సిమ్యులేటర్ అన్న మాట కనిపిస్తుంది. 2024కి మాత్రం ఆ మాట ఉండదు, లిమిట్‌లెస్ అని ఉంటుంది. ఈ సంగతి తెలియక చాలామంది 2024 ఫోల్డరే లేదనుకుంటారు. దాని లోపల లోకల్‌క్యాష్, అందులో ప్యాకేజెస్, అందులో కమ్యూనిటీ. యాప్‌డేటా మామూలుగా దాచిన ఫోల్డర్ కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్ళి హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టాలి.

సిమ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవ్ మార్చి ఉంటే ఇవేవీ పనిచేయవు. అప్పుడు నమ్మదగిన ఆధారం ఒక్కటే. పైన చెప్పిన లోకల్‌క్యాష్ ఫోల్డర్‌లో యూజర్‌సీఎఫ్‌జీ డాట్ ఓపీటీ అని ఒక ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చివరికి వెళ్ళండి. ఇన్‌స్టాల్డ్ ప్యాకేజెస్ పాత్ అనే పదంతో ఒక వరుస ఉంటుంది, దాని పక్కన కొటేషన్లలో ఉన్న దారే మీ సిమ్ నిజంగా చూసే చోటు. దాని లోపల ఉన్న కమ్యూనిటీయే అసలు కమ్యూనిటీ. ఇన్‌స్టాలర్లు కూడా ఈ వరుసనే చదువుతాయి. అందుకే పాత సిమ్ తీసేశాక ఆ ఫైలు మిగిలిపోతే ఇన్‌స్టాలర్లు ఇప్పుడు సిమ్ చూడని పాత చోట ఫోల్డర్లు సృష్టించి అన్నీ బాగా జరిగాయని చెబుతాయి. ఫైలు తెరవడం ఇష్టం లేకపోతే సిమ్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, టూల్స్ మెనూలో వర్చువల్ ఫైల్ సిస్టమ్ తెరిస్తే కమ్యూనిటీ ఫోల్డర్‌ను నేరుగా తెరిచే వీలుంటుంది. పని అయ్యాక డెవలపర్ మోడ్ ఆపేయండి.

మీ దగ్గర 2020, 2024 రెండూ ఉన్నాయి. ఆ విమానాశ్రయం ఇన్‌స్టాలర్ 2024 రాకముందు తయారైందైతే దానికి తెలిసిన సిమ్ 2020 ఒక్కటే, కాబట్టి అక్కడే పెట్టేసి ఉంటుంది. 2020 కమ్యూనిటీలో ఆ ఫోల్డర్ ఉందేమో చూడండి. ఉంటే, ముందు షాపులో మీ ఖాతాలోకి వెళ్ళి 2024 కోసం కొత్త ఇన్‌స్టాలర్ ఇచ్చారేమో చూడండి. చాలామంది డెవలపర్లు రెండు సిమ్‌లకూ రెండు డౌన్‌లోడ్లు పెడతారు. ఇవ్వకపోతే, 2024లో పనిచేస్తుందని పేజీలో రాసి ఉంటేనే, ఆ ఫోల్డర్‌ను కాపీ చేసి 2024 కమ్యూనిటీలో పెట్టండి. విమానాశ్రయాలు ఇలా చాలావరకు పనిచేస్తాయి. విమానాల్లో ఈ పద్ధతిని నేను ప్రోత్సహించను. 2020 కోసం చేసిన విమానాన్ని 2024లో పెడితే పైకి బాగానే ఎగిరినట్టుండి లోపల సిస్టమ్‌లు తేడా చేస్తుంటాయి.

అక్కడ ఫోల్డర్ సరిగ్గానే ఉండి కూడా పనిచేయకపోతే ఇంకో సాధారణ లోపం చూడాలి. కమ్యూనిటీలో ఉన్న ఆ విమానాశ్రయం ఫోల్డర్‌ను డబుల్ క్లిక్ చేయండి. తెరవగానే మానిఫెస్ట్ జేసన్, లేఅవుట్ జేసన్ అనే రెండు ఫైళ్ళు కనిపించాలి. అవి కాకుండా అదే పేరుతో ఇంకో ఫోల్డర్ కనిపిస్తే, జిప్ విప్పేటప్పుడు ఒక పొర ఎక్కువ పడిందన్నమాట. సిమ్ కమ్యూనిటీలోని ప్రతి ఫోల్డర్‌లోకీ ఒక్క మెట్టు మాత్రమే దిగి ఆ రెండు ఫైళ్ళ కోసం చూస్తుంది. దొరక్కపోతే ఏ ఎర్రర్ చూపించకుండా వదిలేసి ముందుకు పోతుంది. లోపలి ఫోల్డర్‌ను కట్ చేసి కమ్యూనిటీలో నేరుగా పెట్టి, ఖాళీ అయిన పై ఫోల్డర్ తీసేయండి. లివరీలు (విమానం మీది రంగులు, డిజైన్లు), ఉచిత విమానాశ్రయాలు కనిపించడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదొక్కటే.

లేఅవుట్ జేసన్ గురించి ఒక మాట. ఆ ప్యాకేజీలో ఏయే ఫైళ్ళున్నాయో, ఎంత సైజో అందులో రాసి ఉంటుంది. మీరు ఏదైనా టెక్స్చర్ (ఉపరితలం మీది బొమ్మ) మార్చినా, కొత్త లివరీ ఆ ఫోల్డర్‌లోనే కలిపినా ఆ జాబితా పాతబడిపోతుంది. అప్పుడు ఎంఎస్ఎఫ్ఎస్ లేఅవుట్ జనరేటర్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం మీదకి లేఅవుట్ ఫైలును లాగి వదిలితే కొత్త జాబితా తయారవుతుంది. జిప్ సగమే విప్పుకున్నా ఇలాంటి తేడాయే వస్తుంది. విండోస్‌లో ఒక ఫైలు దారి మొత్తం మామూలుగా 260 అక్షరాలు దాటకూడదు. స్టోర్ వెర్షన్ దారే చాంతాడంత ఉంటుంది, దానికి విమానం లోపలి ఫోల్డర్ల పేర్లు తోడైతే కొన్ని ఫైళ్ళు విప్పుకోవు. ముందు డ్రైవ్ మొదట్లోనే ఒక చిన్న పేరున్న ఫోల్డర్‌లో విప్పి, తర్వాత అక్కడి నుంచి తరలించండి. కొత్తగా సిమ్ ఇన్‌స్టాల్ చేసేవాళ్ళు మొదట్లోనే ప్యాకేజీలకు పొట్టి దారి ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

ఆర్బిఎక్స్ సెంట్రల్ వాడేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అందులో లైబ్రరీ అని వేరే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టుకోవచ్చు. అప్పుడు కమ్యూనిటీలో అసలు ఫైళ్ళుండవు, వాటికి దారి చూపే లింకు మాత్రమే ఉంటుంది. యాడ్-ఆన్స్ లింకర్ అనే ఉచిత ప్రోగ్రాం కూడా ఇదే పద్ధతి వాడుతుంది. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. ఈ రోజు ఎగరబోయే ప్రాంతానికి కావలసినవి మాత్రం తగిలించుకుని మిగతావి పక్కన పెడితే సిమ్ త్వరగా తెరుచుకుంటుంది. కానీ కొత్త కంప్యూటర్‌లో డ్రైవ్ అక్షరం మారితే లింకులన్నీ గాలిలో తేలతాయి. మీరు పాత కంప్యూటర్ నుంచి కమ్యూనిటీ ఫోల్డర్‌ను కాపీ చేసి తెచ్చుకుని ఉంటే ఇది కూడా చూడండి. బాణం గుర్తున్న ఫోల్డర్ నొక్కితే తెరుచుకోకపోతే ఆ లింకు తీసేసి, ఆ యాప్ నుంచే మళ్ళీ పెట్టించండి.

ఒకే విమానాశ్రయాన్ని మార్కెట్‌ప్లేస్‌లో ఒకసారి, బయట ఇంకోసారి తీసుకుని ఉంటే రెండిట్లో ఒకటే ఉంచండి. రెండూ ఉంటే భవనాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, రన్‌వే మెరుస్తూ కనిపిస్తుంది.

మూడో సమస్య, యాక్టివేషన్ లిమిట్. ఇది అచ్చంగా హక్కు గొడవ, ఇక్కడ ఫైళ్ళతో పనేమీ లేదు. బయటి షాపుల్లో హక్కును చూసే పద్ధతులు రకరకాలు. ఆర్బిఎక్స్, ఐనీబిల్డ్స్ లాంటివాళ్ళ యాప్‌లో మీ ఖాతాతో లాగిన్ అయితే చాలు. పీఎండీజీ లాంటివాళ్ళు కొన్నప్పుడు లైసెన్స్ కీ ఇస్తారు. కొన్నిటికి విమానం లోపలి టాబ్లెట్ స్క్రీన్‌లోనే కీ కొట్టాలి. ఇవి కాక మీ కంప్యూటర్‌నే గుర్తుపెట్టుకునే పద్ధతి ఒకటుంది. మదర్‌బోర్డు, డిస్కు, విండోస్ వివరాలతో ఒక గుర్తు తయారుచేసి సర్వర్‌లో రాసుకుంటారు. ఇన్ని కంప్యూటర్లకు మించి వాడకూడదని పరిమితి ఉంటుంది. విండోస్ ఫార్మాట్ చేసినా, మదర్‌బోర్డు మార్చినా సర్వర్ దృష్టిలో మీది కొత్త కంప్యూటరే. మీరు పాత కంప్యూటర్‌లో డీయాక్టివేట్ చేయకుండా ఇక్కడ యాక్టివేట్ చేసి ఉంటారు. అందుకే తొందరపడి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించవద్దన్నాను. కొన్ని సర్వర్లు ఒక్కో ప్రయత్నాన్ని ఒక్కో యాక్టివేషన్‌గా లెక్కేస్తాయి, ఇంకొన్ని అనుమానం వచ్చి ఆ కీని ఆపేస్తాయి.

పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తుంటే అదృష్టమే. దాన్ని ఇంటర్నెట్‌కి కలిపి, ఆ విమానం సెట్టింగుల్లోనో దాని యాప్‌లోనో డీయాక్టివేట్ ఉందేమో చూసి నొక్కండి. లేకపోతే షాపులో మీ ఖాతాలో ఆర్డర్ల పేజీకి వెళ్ళండి, కొన్ని షాపులు యాక్టివేషన్లను అక్కడే రీసెట్ చేసుకోనిస్తాయి. అదీ లేకపోతే సపోర్ట్‌కి రాయండి. రాసేటప్పుడు ఎక్కడ కొన్నారో అక్కడికే రాయాలి. డెవలపర్ ఒకరు, అమ్మిన షాపు వేరొకరు అయితే డెవలపర్ దగ్గర మీ ఆర్డర్ నంబర్ ఉండదు, మళ్ళీ షాపు దగ్గరికే పంపుతారు. మీరు డెవలపర్ దగ్గరే కొన్నానన్నారు కాబట్టి నేరుగా వాళ్ళకే. ఆర్డర్ నంబర్, కొన్న మెయిల్, కంప్యూటర్ మార్చానన్న ఒక్క వాక్యం చాలు. కథంతా అక్కర్లేదు. మర్యాదగా, ముక్కుసూటిగా రాస్తే చాలామంది వెంటనే రీసెట్ చేసి ఇస్తారు.

రీసెట్ అయ్యాక కూడా పనిచేయకపోతే యాంటీవైరస్‌ని చూడండి. లైసెన్స్ చూసే భాగం సాధారణంగా ఒక చిన్న ఎగ్జిక్యూటబుల్ గానో డీఎల్ఎల్ గానో ఉంటుంది. దాని పనితీరు చూసి యాంటీవైరస్ దాన్ని పట్టుకుని క్వారంటైన్‌లో పెట్టేయడం మామూలే. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిస్తే ఏమైనా పట్టిందేమో కనిపిస్తుంది. అసలు షాపు నుంచి వచ్చిన ఫైలేనని నిర్ధారించుకున్నాక ఆ ఒక్క యాడ్-ఆన్ ఫోల్డర్‌కి మినహాయింపు ఇవ్వండి. యాంటీవైరస్ మొత్తం ఆపేయమని ఎవరు చెప్పినా వినకండి. ఎక్కడో చవకగా దొరికిన కీలు, ఖాతాలు కొనడం కూడా అలాంటిదే. కీ రద్దయిన రోజు మీకు అండగా నిలబడే షాపే ఉండదు.

పెద్ద విమానాల్లో ఇంకో చిన్న చిక్కు. అవి తమ సెట్టింగులను, కొన్నిసార్లు లైసెన్స్ గుర్తును కూడా, కమ్యూనిటీలో కాకుండా వర్క్ అనే వేరే ఫోల్డర్‌లో దాచుకుంటాయి. 2020 స్టోర్ వెర్షన్‌లో అది లోకల్‌స్టేట్ కింద ప్యాకేజెస్‌లో, విమానం పేరుతో ఉంటుంది. విమానం తేడాగా ప్రవర్తిస్తే ఆ ఫోల్డర్ తీసేయమని సలహా ఇస్తుంటారు. సలహా తప్పేమీ కాదు, కానీ తీసేముందు ఇంకో చోట కాపీ పెట్టుకోండి. లేదంటే మళ్ళీ యాక్టివేట్ చేయాల్సి రావచ్చు, లిమిట్ దగ్గరకొచ్చిన మీలాంటివాళ్ళకు అది ప్రమాదం.

సిమ్‌తో పాటు తమంతట తాము మొదలవ్వాల్సిన యాడ్-ఆన్‌లు కొన్ని ఉంటాయి. జీఎస్ఎక్స్ (విమానాశ్రయంలో నేల మీది సేవలను చూపేది), ఎఫ్ఎస్‌యూఐపీసీ (పరికరాలను, ఇతర ప్రోగ్రాంలను సిమ్‌తో కలిపేది) అలాంటివే. ఎగ్జి డాట్ ఎక్స్ఎంఎల్ అనే ఫైలులో వీటి పేర్లుంటాయి. అది యూజర్‌సీఎఫ్‌జీ పక్కనే ఉంటుంది. ప్రతి ఇన్‌స్టాలర్ వచ్చి ఆ ఫైలులో తన వరుసలు రాసుకుంటుంది. ఒకటి తప్పుగా రాస్తే, ఒక్క ట్యాగ్ మూయకుండా వదిలేస్తే, దానికి ముందు రాసినవి కూడా మొదలవ్వవు. నిన్నటిదాకా బాగున్న జీఎస్ఎక్స్ కొత్త యాడ్-ఆన్ పెట్టాక ఆగిపోయిందంటే నేను మొదట అనుమానించేది ఈ ఫైలునే. దాని పేరు మార్చి పక్కన పెట్టి, అవసరమైన యాడ్-ఆన్‌ల ఇన్‌స్టాలర్లను ఒక్కొక్కటిగా మళ్ళీ నడిపితే కొత్త ఫైలు శుభ్రంగా తయారవుతుంది.

నావిగ్రాఫ్ (విమాన మార్గాల డేటా ఇచ్చే సేవ) చందా ఉంటే ఒక సంగతి. ఏఐఆర్ఏసీ అనే ఆ మార్గాల డేటా 28 రోజులకోసారి మారుతుంది. నావిగ్రాఫ్ హబ్‌లో సిమ్‌కి అప్‌డేట్ చేసినంత మాత్రాన ఫీనిక్స్, పీఎండీజీ విమానాల లోపలి డేటా మారదు. వాటికి వేరే డేటాబేస్ ఉంటుంది, హబ్‌లో వాటిని కూడా విడివిడిగా అప్‌డేట్ చేయాలి. ఏటీసీ ఇచ్చిన రూటు విమానం కంప్యూటర్ ఒప్పుకోవడం లేదంటే లైసెన్స్ పోయిందని టెన్షన్ పడకండి, రెండు డేటాలూ ఒకే సైకిల్‌లో ఉన్నాయా చూడండి.

ఎక్స్-ప్లేన్ 12 సంగతికొస్తే అది చాలా హాయి. దానికి రిజిస్ట్రీ తలనొప్పి లేదు, మొత్తం ఒకే ఫోల్డర్. విమానాలు ఎయిర్‌క్రాఫ్ట్ ఫోల్డర్‌లో, విమానాశ్రయాలు కస్టమ్ సీనరీలో, ప్లగిన్‌లు రిసోర్సెస్ కింద ప్లగిన్స్‌లో. స్టీమ్ వెర్షన్‌లో అయినా, దాని తయారీదారు లామినార్ దగ్గర నేరుగా కొన్నదైనా లోపలి ఫోల్డర్లు ఒకటే. స్టీమ్‌ది స్టీమ్‌యాప్స్ కింద కామన్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది, అంతే తేడా. ఎక్స్-ప్లేన్ డాట్ ఆర్గ్ స్టోర్‌లో కొన్నది రెండిట్లోనూ పనిచేస్తుంది. కీ మీ ఖాతాలోని ఆర్డర్ వివరాల్లో ఉంటుంది, విమానం మొదటిసారి తెరిచినప్పుడు అడుగుతుంది. ఇక్కడ అసలు జాగ్రత్త సీనరీ ప్యాక్స్ ఐఎన్ఐ ఫైలులో వరుస క్రమం. పైనున్నదానికి ప్రాధాన్యం ఎక్కువ. కొన్న విమానాశ్రయాలు పైన, తర్వాత గ్లోబల్ ఎయిర్‌పోర్ట్స్, ఆ కింద ఓవర్‌లేలు (నేల మీద పరిచే రోడ్లు, చెట్లు లాంటివి), అన్నిటికన్నా అడుగున నేల మెష్ (భూమి ఎత్తుపల్లాల ఆకారం) ఉండాలి. మెష్ పైకి వచ్చిందంటే మీ విమానాశ్రయం దాని కింద మాయమవుతుంది. విమానాశ్రయంలో సగం వస్తువులు లేకపోతే ఓపెన్‌సీనరీఎక్స్, మిస్టర్‌ఎక్స్ లాంటి లైబ్రరీలు తక్కువయ్యాయని అర్థం. ఏ లైబ్రరీ లేదో ఎక్స్-ప్లేన్ ఫోల్డర్‌లోనే ఉండే లాగ్ ఫైలులో పేరుతో సహా రాసి ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ పాత సిమ్ ఎఫ్ఎస్ఎక్స్ యాడ్-ఆన్‌లు కూడా ఉన్నాయన్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వాటిలో కొన్నిటి యాక్టివేషన్ ఈసెల్లరేట్ అనే సేవ మీద నడిచేది, అది 2019లో మూతపడింది. ఆ ఇన్‌స్టాలర్ మీ దగ్గర భద్రంగా ఉన్నా అది ఇప్పుడు మాట్లాడాల్సిన సర్వరే లేదు. డెవలపర్ తర్వాత కొత్త ఇన్‌స్టాలర్ ఇచ్చి ఉంటే అది మీ పాత ఖాతాలో దొరకవచ్చు, లేకపోతే ఆ డబ్బు పోయినట్టే. ఈ విషయం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అందులో ఎంతో శ్రద్ధగా తయారుచేసిన విమానాలున్నాయి.

ఇకముందు ఎక్కడ కొనాలి అని చివర్లో అడిగారు. లోతైన సిస్టమ్‌లున్న విమానాన్ని నేనైతే డెవలపర్ దగ్గరే కొంటాను. మార్కెట్‌ప్లేస్‌లో అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ పరిశీలన దాటి రావాలి కాబట్టి ఆలస్యమవుతుంది. పైగా అక్కడి ఫైళ్ళలో చాలావరకు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి మార్పులు చేసుకోలేం. విమానాశ్రయాలకైతే అంత పట్టింపు అక్కర్లేదు. ఇప్పటికే ఎక్కువ కొనుగోళ్ళున్న షాపులో కొంటే అప్‌డేట్లన్నీ ఒకే యాప్‌లో వస్తాయి. ఎక్స్‌బాక్స్‌లో కూడా ఎగరాలనుకుంటే మాత్రం మార్కెట్‌ప్లేస్ తప్ప వేరే దారి లేదు, అక్కడ కమ్యూనిటీ ఫోల్డర్ ఉండదు. ఎక్కడ కొన్నా ఆర్డర్ మెయిల్, కీ, ఇన్‌స్టాలర్ మూడూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, సిమ్ ఉన్న డ్రైవ్ కాకుండా ఇంకో డ్రైవ్‌లో దాచుకోండి.

ఈ రోజు చేయాల్సిన వరుస చెబుతాను. ముందు మూడు చోట్లా ఖాతాలు చూడండి. తర్వాత 2024 కమ్యూనిటీ ఎక్కడుందో కనుక్కుని, విమానాశ్రయం ఫోల్డర్ తెరిచి మానిఫెస్ట్ పైనే కనిపిస్తోందా చూడండి. కమ్యూనిటీలో చాలా ఉండి ఏది తేడా చేస్తోందో తెలియకపోతే, ఆ ఫోల్డర్ పేరు మార్చి, కమ్యూనిటీ అనే ఖాళీ ఫోల్డర్ పెట్టి, ఈ విమానాశ్రయం ఒక్కటే అందులో వేసి సిమ్ తెరవండి. డెవలపర్‌కి మెయిల్ మాత్రం ఈ లోపే పంపేయండి, సమాధానం వచ్చేసరికి మిగతా పనులు అయిపోతాయి.

ఇంకా కుదరకపోతే మళ్ళీ రాయండి. అప్పుడు యాడ్-ఆన్ పేరు, ఏ షాపులో కొన్నారు, వెర్షన్ నంబర్ ఎంత, ఏ సిమ్‌లో ప్రయత్నించారు అన్నవి చెప్పి, ఆ యాడ్-ఆన్ ఫోల్డర్ తెరిచిన స్క్రీన్‌షాట్ ఒకటి జతచేయండి. కీ గానీ, ఆర్డర్ నంబర్ గానీ, మీ మెయిల్ గానీ ఆ బొమ్మలో కనిపిస్తే కప్పేసి పెట్టండి.